ఎర్రకోటలో యమున వైపు మహళ్ళు: ఏది షాజహాన్ కట్టింది, ఏది తర్వాత అతికించింది?

జమునగట్టు
ఢిల్లీ ఎర్రకోట గురించి ఎక్కడ చదివినా లాహోరీ దర్వాజా, ఆగస్టు 15 జెండా, మీనాబజారు. యమున వైపు వరసగా ఉన్న అంతఃపురం భాగం దగ్గరికొచ్చేసరికి ఒక్కో మహల్‌కి మూడు వాక్యాలతో సరిపెట్టేస్తారు. ఇప్పుడు చూస్తే పచ్చికలో విడివిడిగా నిలబెట్టిన మంటపాల్లా ఉన్నాయి. కట్టినప్పుడు ఇలా లేవు కదా? ఈ వరసంతా ఒకే కట్టడంగా ఎలా కలిసి ఉండేది, కళ్ళకి కనబడేదాంట్లో షాజహాన్ నాటిదెంత, కాలవలో నీళ్ళు ఎటునుంచి ఎటు పారేవి, గోడల అడుగున గార ఎందుకు పెచ్చులూడుతోంది? కట్టుబడి తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి రాయండి.

పాతకోటల_పంతులు
ముందు వరస చెప్తాను, తర్వాత మిగతావి.

ఆగ్రా నుంచి రాజధాని మార్చాలని 1638లో నిర్ణయం, 1639లో పునాది, 1648లో షాజహాన్ ప్రవేశం. మేస్త్రీలు ఉస్తాద్ అహ్మద్ లాహోరీ, ఉస్తాద్ హామిద్. పని అజమాయిషీ ఒకరి తర్వాత ఒకరుగా గైరత్ ఖాన్, అల్లావర్దీ ఖాన్, మక్రమత్ ఖాన్ చూశారు. పూర్తి చేసింది మక్రమత్ ఖాన్.

కోట ఎనిమిది పలకలది, కానీ పలకలన్నీ సమానం కావు. తూర్పు, పడమర పలకలు పొడుగు. గోడ ఊరి వైపు సుమారు 33 మీటర్లు, యమున వైపు 18 మీటర్లే. కారణం సులువు: తూర్పున నదే కాపలా. అందుకే ఆ వైపు గోడ మీద ఎత్తైన చప్టా కట్టి, చక్రవర్తి ఉండే మహళ్ళన్నీ దాని మీద వరసగా పేర్చారు. దక్షిణాన మూల అసద్ బురుజు. అక్కణ్ణుంచి ఉత్తరానికి నడిస్తే ముంతాజ్ మహల్, రంగ్ మహల్, ఖాస్ మహల్, దీవాన్-ఇ-ఖాస్ (ముఖ్యులతో ఆంతరంగిక కొలువు), హమామ్ (స్నానశాల), ఉత్తరపు మూలన షా బురుజు. మధ్యలో ఇంకొన్ని ఉండేవి, పోయాయి.

వీటిని కలిపింది రెండు. ఒకటి, అన్నిటి కడుపులోంచీ పోయే నహర్-ఇ-బిహిష్త్ అనే నీళ్ళ కాలవ. రెండోది, ప్రతి మహల్‌కీ పడమర వైపు ఉండే దాని సొంత ముంగిలి. దీవాన్-ఇ-ఖాస్ ముందు ముంగిలి చుట్టూ కమానుల వసారాలు, లోపలికి వచ్చే గుమ్మానికి ఎర్ర తెర. ఆ తెర దాటి ఎవరు రావచ్చో, ఎవరు రాకూడదో దర్బారులో అందరికీ తెలుసు. రంగ్ మహల్ ముందు తోట, తోటలో కొలను. అంటే ఏ మహల్‌నీ దూరం నుంచి నిలబడి మొత్తంగా చూసే వీలే లేదు. ముంగిలి దాటాకే అది కంటబడుతుంది.

1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్‌వాళ్ళు ఆ ముంగిళ్ళన్నీ పడగొట్టారు. వసారాలు, జనానా (ఆడవాళ్ళ నివాసం), తోటల గోడలు నేలమట్టం. వాటి జాగాలో సైనికుల బారకాసులు లేచాయి. నది అంచున ఉన్న పాలరాతి భాగాలు మాత్రం వదిలారు. మీరన్న పచ్చిక మధ్య మంటపాలు అలా తయారయ్యాయి.

రాతిచెక్కు
పంతులుగారు చెప్పినదానికి తోడు: మిగిలినవి కూడా ఖాళీగా వదల్లేదు. రంగ్ మహల్ కొన్నాళ్ళు అధికారుల భోజనశాల. ముంతాజ్ మహల్ సైనిక జైలు అయింది, 1911లో మ్యూజియం. బహదూర్ షా జఫర్‌ని 1858 జనవరి నుంచి మార్చి దాకా విచారించింది దీవాన్-ఇ-ఖాస్‌లోనే. వాడకం మారినప్పుడల్లా గోడలకి కొత్త పూత, కొత్త తలుపు, కొత్త అడ్డగోడ. మరమ్మతులో మొదటి తలనొప్పి ఆ పొరలు వేరు చేయడమే.

సున్నం_బట్టీ
గార సంగతి నేను రాస్తాను, కొంచెం పొడుగవుతుంది.

దీవాన్-ఇ-ఆమ్ (జనం ఎదుట కొలువుతీరే మంటపం) ఇవాళ ఎర్రగా కనిపిస్తుంది కదా, అది కట్టినవాళ్ళు చూపించాలనుకున్న రంగు కాదు. ఎర్ర ఇసకరాతి స్తంభాల మీద తెల్లటి సున్నపు గార వేసి, నునుపుగా తోమి, ఏనుగు దంతంలా మెరిపించారు. దాని మీద బంగారు పని. అది ఊడిపోయాక మిగిలిన ఒట్టి రాయినే మనం చూస్తున్నాం. యమున వైపు మహళ్ళలోనూ అంతా పాలరాయి కాదు. చాలాచోట్ల నడుము ఎత్తు దాకా పాలరాతి తాపడం, పైన అదే తెల్ల గార. దూరం నుంచి రెండూ ఒకటే అనిపించేలా చేయడం అప్పటి పనివాళ్ళ నేర్పు.

ఆ గార ఎలా వేస్తారంటే, సున్నపురాయిని 900 డిగ్రీల పైన కాల్చి, గోతిలో నీళ్ళు పోసి తాపి, కనీసం రెండు వారాలు నాననివ్వాలి. ఎంత నానితే అంత మంచిది. తొందరపడి వాడితే తాగని సున్నం పలుకులు గోడలోకి వెళ్ళాక తేమ పీల్చి ఉబ్బుతాయి, నెలల తర్వాత గారలో చిన్నచిన్న బుడిపెలు లేచి పగులుతాయి. అడుగు పొరకి సున్నం, ఇటుక పొడి, ఇసక సమపాళ్ళలో కలిపి గానుగలో తిప్పుతారు. ఇటుక పొడి సరిగ్గా కాలిన ఇటుకది కావాలి. మరీ మాడినది పనికిరాదు, సున్నంతో కలవదు. పొర 10 నుంచి 12 మిల్లీమీటర్లు మించకూడదు, దళసరిగా కొడితే లోపల ఆరక పైన చిట్లుతుంది. ఒక పొర గట్టిపడ్డాకే రెండోది. చివరి పొర 2, 3 మిల్లీమీటర్లు: వడకట్టిన సున్నపు ముద్ద, పాలరాతి పొడి. ఇది పూర్తిగా ఆరకముందే నున్నటి అకీకు (అగేట్) రాయితో రుద్దాలి. ఆరిపోయాక ఎంత రుద్దినా మెరుపు రాదు. తర్వాత రెండు వారాలు తడి గోనెపట్టా. సున్నం గట్టిపడేది గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో, దానికి కొంచెం తేమ ఉండాలి. జ్యేష్ఠమాసం ఎండలో పట్టా కప్పకుండా వదిలితే అది గార కాదు, పిండి.

ఇక ఊడటం. ఇసకరాయి నేలలోంచి తేమ లాగుతుంది. పాత గార ఆ తేమని బయటికి వదిలేది. దాని మీద 20వ శతాబ్దంలో ఎక్కడైతే సిమెంటు పూత వేశారో అక్కడ తేమకి దారి లేక గోడ లోపలే పైకెక్కుతుంది. సిమెంటు ఆగిన అంచు దగ్గర బయటికొచ్చి ఆరుతుంది. ఆరినప్పుడు ఉప్పు స్ఫటికాలు రాతి రంధ్రాల్లోనే పెరిగి పైపొరని నెట్టేస్తాయి. అందుకే పెచ్చులు సిమెంటు మీద కాక దానికి జానెడు పైన ఊడతాయి. చూసినవాళ్ళు పాడైంది పైభాగం అనుకుని అక్కడా సిమెంటు కొడతారు, మరుసటి ఏడాది ఇంకో జానెడు పైకి.

పాతబస్తీ_పిల్ల
మన దగ్గర గోల్కొండ పక్క కుతుబ్‌షాహీ సమాధుల్లో సిమెంటు ఒలిచేసి మళ్ళీ సున్నపు గార వేశారు. అదే పని ఇక్కడెందుకు చేయకూడదు? దీవాన్-ఇ-ఆమ్ స్తంభాలకి తెల్ల గార మళ్ళీ వేస్తే జనానికి అసలు రూపం తెలుస్తుంది కదా.

రాతిచెక్కు
@పాతబస్తీ_పిల్ల రెండూ ఒకటి కావండి. అక్కడ కట్టుబడి ఎక్కువగా నల్లరాయి, సున్నం. నల్లరాయి నీళ్ళు పీల్చదు. ఢిల్లీ రాయి పీలుస్తుంది, తరతరాల ఉప్పు దాని ఒంట్లో ఉంది. ఆ రాయి మీద నేరుగా గార వేస్తే ఉప్పు కొత్త గారని కూడా నెట్టేస్తుంది. ముందు ఉప్పు లాగాలి: కాగితపు గుజ్జు, బంకమట్టి శుద్ధజలంతో కలిపి పట్టులా వేసి, ఎండాక ఒలిచి, ఒలిచిన గుజ్జుని నీళ్ళలో నానబెట్టి ఎంత ఉప్పు వచ్చిందో తెలియడానికి ఆ నీటి విద్యుద్వాహకత కొలవాలి. అంకె పడిపోయేదాకా మళ్ళీ మళ్ళీ. ఒక్కో స్తంభానికి నెలల పని. ఇంకోటి, మన చార్మినార్‌లోనే 2019 మేలో మినారు మీది గార ముక్క ఊడి పడింది. సున్నం వేశాం, ఇక నిశ్చింత అనేది ఉండదు.

పాతబస్తీ_పిల్ల
నెలల పని అయితే నెలలు చేయాలి. ఎర్రగా వదిలేస్తే జనం అబద్ధాన్ని చూసి వెళ్తున్నట్టే.

పాతకోటల_పంతులు
అబద్ధం అనకండి. ఊడిపోవడం కూడా దాని చరిత్రలో భాగమే. ఒక్క స్తంభానికో, ఒక మూల అరకో పూర్తి పని చేసి చూపించి మిగతావి భద్రం చేస్తే చాలు. అన్నిటికీ కొత్త గార కొడితే మిగిలిన పాత ఆనవాళ్ళు కూడా దాని కింద పూడిపోతాయి.

లెవెలింగ్_రాజు
కాలవ గురించి ఎవరూ రాయలేదేం? అసలు కీలకం అదే.

నది కోట గోడ కిందే పారుతుంటే ఎక్కడో పైనుంచి కాలవ ఎందుకు తవ్వారంటే, నీటిమట్టం. మహళ్ళ చప్టా నదికి చాలా ఎత్తు. అందుకని ఎగువన ఖిజ్రాబాద్ దగ్గర యమున నుంచి నీళ్ళు మళ్ళించారు. ఖిజ్రాబాద్ నుంచి సఫీదోన్ దాకా ఫిరోజ్ షా తుగ్లక్ నాటి కాలవ ఉండేది, పూడిపోతే బాగుచేశారు. సఫీదోన్ నుంచి ఢిల్లీ దాకా షాజహాన్ కాలంలో కొత్తగా తవ్వారు. నది తన వాలులో తాను దిగిపోతుంది. కాలవ అంతకంటే తక్కువ వాలుతో గట్టు మీదుగా వస్తుంది. అంత దూరం వచ్చేసరికి రెండిటి మధ్య మట్టం తేడా పెరిగి, నీళ్ళు ఊళ్ళోకి ఎత్తు మీదే చేరతాయి. చాందినీ చౌక్ మధ్యలో పారింది కూడా ఈ నీళ్ళే.

కోటలో షా బురుజు దగ్గర పాలరాతి జారుడు పలక ఉంది. ఉత్తరపు గోడ నుంచి నీళ్ళు దాని మీద జారి తొట్టిలో పడి, అక్కణ్ణుంచి దక్షిణానికి హమామ్, దీవాన్-ఇ-ఖాస్, ఖాస్ మహల్, రంగ్ మహల్ మీదుగా పారేవి. రంగ్ మహల్ మధ్యలో పద్మం ఆకారంలో చెక్కిన పాలరాతి తొట్టి ఉంది కదా, ఆ చెక్కుడు లోతు తక్కువ. కారణం, నీళ్ళు నిలవాలని కాదు, అంగుళం మందాన కదులుతూ రేకుల మీద వెలుగు ఆడాలని.

జమునగట్టు
షా బురుజు దగ్గర నీళ్ళు నది నుంచి ఎత్తిపోశారని చదివాను. మీరు కాలవ అంటున్నారు?

లెవెలింగ్_రాజు
రెండూ రాస్తారు. లెక్క మాత్రం ఒకటే: జారుడు పలక తల మట్టం కంటే నీరు ఎత్తున నిలవాలి. ఆ ఎత్తుకి కాలవ చేరిస్తే సరే, చాలకపోతే ఎత్తిపోత. చిమ్మే గొట్టాలకీ అంతే. తొట్టి మట్టం మీటరు పైనుంటే చిమ్మేది మీటరు లోపే, గొట్టంలో రాపిడికి కొంత పోతుంది. అందుకే హయాత్ బఖ్ష్ తోటలో సావన్, భాదోన్ మంటపాల దగ్గర ఎత్తుగా చిమ్మడం కంటే జలపాతంలా దింపడానికే మొగ్గారు. నీళ్ళ తెర వెనక రాతి గూళ్ళు వరసగా ఉన్నాయి: పగలు పూలకుండీలు, రాత్రి దీపాలు. నీళ్ళ వెనక దీపం! కట్టినవాడికి దండం పెట్టాలి.

సున్నం_బట్టీ
+1. కోట మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఆ గూళ్ళే.

పాతబస్తీ_పిల్ల
అయితే నీళ్ళు మళ్ళీ వదిలితే? మోటారు పెట్టి అవే నీళ్ళు తిప్పుతూ ఉంటే ఖర్చు కూడా ఎక్కువ కాదు.

లెవెలింగ్_రాజు
నేను దానికి సుముఖమే, కానీ లెక్క వేసుకుని దిగాలి. 300 మీటర్ల పొడవు, సగటున 2 మీటర్ల వెడల్పు అనుకోండి, 600 చదరపు మీటర్లు. మే నెలలో ఢిల్లీలో రోజుకి 10 మిల్లీమీటర్లు ఆవిరైతే 6,000 లీటర్లు గాలిలోకి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు మిగిలిపోతుంది. తిప్పిన నీళ్ళనే తిప్పితే వారం వారం ఉప్పు చిక్కబడి పాలరాతి మీద తెల్లటి పొర కడుతుంది. కాబట్టి రోజూ కొంత పాత నీరు వదిలేయాలి. పోనీ అని ఉప్పు తీసేసిన శుద్ధజలం పోస్తే ఇంకో ముప్పు. ఆ ఆకలి నీళ్ళు పాలరాతినే కరిగిస్తాయి, సన్న చెక్కుడు అంచులు మొద్దుబారతాయి. కాల్షియం అటు పేరుకోకుండా ఇటు కరగకుండా నీటిని తూచి ఉంచాలి, రోజూ పరీక్ష చేయాలి.

రాతిచెక్కు
నేను ఒప్పుకోను. నీటి పరీక్ష వరకే చూస్తున్నారు, సందులు చూడటం లేదు. కాలవ పలకల కింద సున్నపు కాంక్రీటు. ఎండిపోయి ఎన్నో ఏళ్ళు. ఎండిన సున్నం బీటలు కడుతుంది. నీళ్ళు వదిలిన రోజు మొదట నిండేది కాలవ కాదు, కింద గదులు. రంగ్ మహల్ కింద వేసవి గదులున్నాయి. పైగా దీవాన్-ఇ-ఖాస్ స్తంభాల మొదళ్ళలో రంగురాళ్ళు పొదిగిన పలకలు సరిగ్గా తడి తగిలే ఎత్తులోనే ఉన్నాయి. తడి, ఆరడం, తడి, ఆరడం... ముందు లేచేది ఆ పొదుగుళ్ళే.

లెవెలింగ్_రాజు
సందులు విప్పి, పలకలు అంకెలు వేసి తీసి, అడుగున కొత్త సున్నపు గచ్చు వేసి మళ్ళీ పేర్చొచ్చు.

రాతిచెక్కు
పలక తీయడం అంత తేలిక కాదు సార్. పాత పనిలో రాళ్ళని ఇనుప బిగింపులతో కలిపి, కరిగించిన సీసం పోశారు. సీసం చెక్కుచెదరనంత కాలం ఇనుముకి గాలి, నీరు తగలవు. అది వదులైన చోట తుప్పు మొదలైతే ఇనుము ఉబ్బి అసలుకి ఐదారు రెట్లు జాగా అడుగుతుంది, రాయి లోపలినుంచి చీలుతుంది. అలాంటి పలకని గునపంతో లేపితే మూల విరిగి చేతికొస్తుంది. చుట్టూ సందులో సీసం రంపంతో కోసి, బిగింపు తెంచి, అప్పుడు లేపాలి. మళ్ళీ పెట్టేటప్పుడు ఇనుము వద్దు, తుప్పు పట్టని ఉక్కు కడ్డీ లేదా రాగి. వంద పలకలు ఇలా తీస్తే పది విరుగుతాయి. ఆ పది నాలుగు వందల ఏళ్ళనాటివి. జారుడు పలక దగ్గర ఒక్కచోట, పండగ రోజుల్లో, కాసేపు నీళ్ళు వదిలితే నాకు అభ్యంతరం లేదు.

సున్నం_బట్టీ
రాతిచెక్కు మాటే నాది కూడా. ముందు కప్పు కారకుండా చూసుకుంటే కింద కాలవ సంగతి తర్వాత. ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు కప్పుని కొయ్య పలకలతో రోజుల తరబడి కొట్టి బిగించాలి, బెల్లం నీళ్ళు చిలకరిస్తూ. 60కి 1 వాలు చాలు. కారుతోందని దాని మీద తారు, మళ్ళీ కాంక్రీటు, మళ్ళీ తారు వేసుకుంటూ పోతే బరువు పెరుగుతుంది, తేమ మధ్యలో ఇరుక్కుంటుంది. పాతది ఒలిచి ఒకే కప్పు వేయడం తప్ప దారి లేదు.

చూరుకింద
చూరు రాళ్ళ గురించి ఒక్కమాట. బయటికి పొడుచుకొచ్చే ఇసకరాతి పలక పడిపోకుండా పట్టుకునేది కింది బ్రాకెట్ ఒక్కటే కాదు, దాని తోక మీద కూర్చున్న పిట్టగోడ బరువు. మరమ్మతుకని పిట్టగోడ విప్పితే ముందు పలక కింద గుంజలు పెట్టాలి. పెట్టకపోతే పలక తల వాల్చేస్తుంది.

జమునగట్టు
ఇవన్నీ బంగారం. ఏది ఎప్పటిది అన్నది మాత్రం ఇంకా పూర్తి కాలేదు.

పాతకోటల_పంతులు
రాస్తున్నా.

దీవాన్-ఇ-ఖాస్: స్తంభాలు, కమానులు, పాలరాయి షాజహాన్‌వే. నెమలి సింహాసనం ఇక్కడే ఉండేది, 1739లో నాదిర్ షా పట్టుకుపోయాడు. కప్పు లోపలి వెండి తాపడాన్ని 1760లో మరాఠాలు ఒలిచి కరిగించారు. 1788లో రోహిల్లా నాయకుడు గులాం ఖాదిర్ నిధుల కోసం మహళ్ళ నేలలు తవ్వించాడు. ఇప్పుడు తలెత్తితే కనిపించే రంగుల కొయ్య కప్పు 1911 నాటిది.

ఖాస్ మహల్: మధ్యలో న్యాయపు త్రాసు చెక్కిన పాలరాతి తెర అసలుదే. తూర్పున ముసమ్మన్ బురుజుకి నది వైపు ఐదు ముఖాలు, నాలుగింటికి జాలీలు (చిల్లుల రాతి తెరలు), మధ్యదానికి ఝరోఖా (చిన్న బాల్కనీ). బురుజు షాజహాన్‌ది, ఝరోఖా మాత్రం రెండో అక్బర్ 1808లో చేర్పించింది. 1911 దర్బారుకి వచ్చినప్పుడు ఐదో జార్జి, మేరీ రాణి జనానికి కనిపించింది ఇక్కణ్ణుంచే.

మోతీ మసీదు ఔరంగజేబు కట్టించింది, 1659–60. గుమ్మటాలకి మొదట బంగారు పూత రాగి రేకులుండేవి, 1857 తర్వాత పాలరాయి. హయాత్ బఖ్ష్ తోట మధ్య జఫర్ మహల్, హమామ్‌కి ఉత్తరాన హీరా మహల్ రెండూ బహదూర్ షా జఫర్ 1842లో కట్టించినవి. డబ్బు కరువు రోజుల పని అని రాయి కోత చూస్తేనే తెలుస్తుంది.

దీవాన్-ఇ-ఆమ్‌లో సింహాసనం వెనక పొదిగిన పలకలు 1857 తర్వాత లండన్‌లో ఒక మ్యూజియంకి వెళ్ళాయి. వైస్రాయ్ కర్జన్ వెనక్కి రప్పించాడు. మెనెగాటీ అనే ఇటలీ కళాకారుడు ఊడినచోట కొత్త రాళ్ళు పొదిగి 1909కి పని ముగించాడు.

రాతిచెక్కు
ఆ పలకల దగ్గర పాత పొదుగుడు, మెనెగాటీ పొదుగుడు కలిసే ఉన్నాయి కాబట్టి ఆ గోడ చూసి "షాజహాన్ నాటి పని ఇలా ఉండేది" అని తీర్పు చెప్పొద్దు. హమామ్ నేలో, దీవాన్-ఇ-ఖాస్ స్తంభాల మొదళ్ళో చూడండి. రాయి పోయిన చోట గుంట అడుగు కనిపిస్తుంది. అడుగు చదునుగా, అంచు నిలువుగా ఉంటే పని తెలిసిన చెయ్యి చెక్కింది. అంచు పలుకులు లేచి ఉంటే అక్కడ కత్తి మొనతో రాయి పెకిలించారు.

చూరుకింద
బయటి గోడల మీద నల్లటి పొర కూడా రాయండి ఎవరైనా. రింగు రోడ్డు వైపు ఎక్కువ కదా.

సున్నం_బట్టీ
నది జరిగిపోయి ఆ జాగాలో రోడ్డు వచ్చింది. బళ్ళ పొగలో గంధకం, గాలిలో సున్నపు, సిమెంటు దుమ్ము, కొంచెం తేమ. మూడూ కలిసి రాతి మీద జిప్సం పొర కడతాయి, అందులో మసి ఇరుక్కుని నల్లబడుతుంది. వాన నేరుగా కొట్టే చోట కడిగేస్తుంది, చూరు కింద, చెక్కుడు లోతుల్లో పేరుకుంటుంది. పలుచగా ఉన్నప్పుడే పట్టు వేసి తీయాలి. దళసరయ్యాక లాగితే రాతి పైపొర కూడా దాంతో వస్తుంది. ఇసక చిమ్మే యంత్రంతో కడగడం అసలు వద్దు.

జమునగట్టు
చూసే క్రమం చెప్పండి పంతులుగారూ, చాలామంది దక్షిణం నుంచి మొదలెట్టి సగంలో వెనక్కొస్తున్నారు.

పాతకోటల_పంతులు
నీళ్ళ దారిన నడవండి. ముందు ఉత్తరాన షా బురుజు జారుడు పలక, అక్కణ్ణుంచి సావన్, భాదోన్ గూళ్ళు, హమామ్, దీవాన్-ఇ-ఖాస్, ఖాస్ మహల్ తెర, రంగ్ మహల్ పద్మం, ఆఖర్న ముంతాజ్ మహల్. ప్రతి మహల్ దగ్గరా పడమరకి తిరిగి, ఆ పచ్చిక జాగాలో కమానుల వసారా ఉందనుకుని చూడండి. కోటకి సోమవారం సెలవు.